జీతము వేఱు, బత్తెము వేఱు

మన భాషలో జీతబత్తెములు అను జంటమాట చిరకాలముగా వాడుకలో నున్నది. జీతమనగా చేసిన పనికి ప్రతిఫలము. బత్తెమనగా పనిమీద పోయినవానికి తిండికిని, దారిఖర్చునకును ఇచ్చెడి సొమ్ము. మన పెద్దలు ఈ రెంటిని జంటగా పలికిరే గాని ఒకే పద్దుక్రింద వ్రాయలేదు. నేడు ఉద్యోగములకు పోవుచున్న మన పిల్లల జీతపు చీటీలను చూచినచో ఈ రెండు పద్దులును కలిసిపోయినట్లు కానవచ్చుచున్నది. కంపెనీ పనిమీద అయిన ఖర్చు పిల్లవాని జేబునుండి పోవుచున్నది. దానిని తిరిగి అడుగుటకు ఎవరి యొద్దకు పోవలెనో అతనికి తెలియకున్నది. ఈ విషయమును గూర్చి చదువరులకు కొన్ని మాటలు మనవి చేయుట మా విధి యని తలంచుచున్నాము.

మారండహళ్ళిలోను, చుట్టుప్రక్కల పల్లెలలోను మన తెలుగు కుటుంబములు తరతరములుగా సేద్యమును, అంగడిని నమ్ముకొని బ్రదికినవి. 1971లో ఏర్పడిన సిప్కాట్ సంస్థ హోసూరులో పారిశ్రామికవాడను నెలకొల్పిన పిదప, 1980 ప్రాంతమునుండి అచ్చట మోటారు వాహనములు, గడియారములు మొదలగువాని కర్మాగారములు వెలసినవి. దానికి ఆవల బెంగుళూరు నగరము, అందలి కంప్యూటరు కంపెనీలు ఉండనే ఉన్నవి. ఉదయమున రాయకోట మీదుగా హోసూరునకు పోవు బస్సులలోను, రైళ్ళలోను నేడు మన పిల్లలే పెక్కుమంది కానవచ్చుచున్నారు. ఇది సంతోషింపదగిన విషయమే.

అయితే వీరిలో చాలమంది ఉద్యోగపు ఏర్పాటు మన అంగడి మర్యాదకు భిన్నమైనది. కర్మాగారపు ద్వారముమీది పేరొకటి; జీతపు చీటీమీది పేరు మఱియొకటి. పని చెప్పువాడు కర్మాగారపు అధికారి. జీతమిచ్చునది మధ్యనున్న సంస్థ. దీనినే మనవారు ఏజెన్సీ యనియు, కాంట్రాక్టు యనియు పిలుచుచున్నారు. ఇంగ్లండులో ఇట్టి ఏర్పాటులో ఒక రకమునకు అంబ్రెల్లా కంపెనీ యని పేరు. అనగా గొడుగు కంపెనీ. పనివాడు ఎన్ని చోట్లకు మారినను జీతపు లెక్క ఆ గొడుగు క్రిందనే యుండును. పేరు బాగున్నది. వాన కురిసినపుడు ఆ గొడుగు ఎవరి తలమీద పట్టబడియున్నదో చూచుకొనుట మాత్రము మన పని.

ఖర్చులు ఎట్లు మధ్యలో జారిపోవునో తెలిసికొనుటకు ఆ సంస్థ లెక్కను చూడవలెను. అది నెలకొకసారి కర్మాగారమునకు బిల్లు పంపును. అందులో పనివాని జీతము, ప్రావిడెంటు ఫండు, ఇ.ఎస్.ఐ. చందాలు, తన సేవారుసుము, ఆ మొత్తముపైన 18 శాతము జి.ఎస్.టి. ఉండును. ప్రయాణపు ఖర్చు కూడ ఇత్తుమని ఆ రెండు సంస్థల నడుమ ఒడంబడికలో వ్రాసికొనియున్నచో అదియు బిల్లులో చేరును. వ్రాసికొననిచో మధ్యనున్న సంస్థ తన చేతి సొమ్ము పెట్టదు; కర్మాగారము బిల్లులో లేని సొమ్మును ఈయదు. పనివాడు ఆ ఒడంబడికను కన్నులార చూచి యెఱుగడు.

గత సంవత్సరము మా దృష్టికి వచ్చిన ఒక సంగతిని చెప్పెదము. మన యూరి యువకుడొకడు, డిప్లొమా చదివినవాడు, నెలకు 19,000 రూపాయల జీతముమీద ఒక కర్మాగారమున యంత్రములను బాగుచేయు పనిలో నుండెను. ఒకనాటి సాయంకాలము అధికారి అతనిని కోయంబత్తూరు పొమ్మనెను. అచ్చట 11 దినములు పనిచేసెను. బస విడిదికి 9,000, బస్సులకు 1,200, భోజనమునకు 3,300, వెరసి 13,500 రూపాయలు తన సొమ్ము ఖర్చుపెట్టెను. తిరిగివచ్చి అడుగగా, "నిన్ను మేము పంపలేదు, పంపినవారినే అడుగుము" అని మధ్య సంస్థవారు చెప్పిరి. "నీవు మా ఉద్యోగివి కావు, మీ సంస్థనే అడుగుము" అని కర్మాగారమువారు చెప్పిరి. నాలుగు నెలలు ఇట్లే తిరిగెను. తుదకు అతనిని కాపాడినది ఫోనులో నిలిచియున్న అధికారి సందేశము: రేపు కోయంబత్తూరు పోవలెనను నాలుగు మాటలు. దానిని చూపిన పిమ్మట బసకును, బస్సులకును అయిన 10,200 రూపాయలు చేతికి వచ్చినవి. భోజనపు రసీదులు లేనందున 3,300 రూపాయలు పోయినవి. ఆ యింటికి అది చిన్న మొత్తము కాదు.

ఇపుడు ఏ ఖర్చు ఎవరిదో విడదీసి చూతము. ఖర్చులు మూడు విధములు. ఇంటినుండి నిత్యము పనిచేయు చోటికి పోయివచ్చు ఖర్చు మొదటిది. ఇది సాధారణముగా పనివానిదే. కంపెనీ బస్సు నడపినను, ప్రయాణపు భత్యమిచ్చినను మంచిదే గాని, ఒప్పుదలలో లేనిచో పట్టుబట్టుట కష్టము. నిత్యము పనిచేయు చోటినుండి కంపెనీ అవసరమునకై వేఱొక యూరికి పంపినపుడు అయిన ప్రయాణము, బస, భోజనము రెండవది. ఇది న్యాయముగా పంపినవారు భరింపవలసినది. పనికి కావలసిన రక్షణ సామగ్రి, అనగా బూట్లు, శిరస్త్రాణము, చేతితొడుగులు, కంటి అద్దములు, వైద్యపరీక్షలు మూడవది. ఇది పనివానినుండి వసూలు చేయరానిది.

ఈ మూడవ విషయమున చట్టము స్పష్టముగానే యున్నది. 2025 నవంబరు 21వ తేదీనుండి దేశమున నాలుగు క్రొత్త కార్మిక స్మృతులు అమలులోనికి వచ్చినవి. వానిలో వృత్తిభద్రతను గూర్చిన 2020 నాటి స్మృతి, పనిచోట ఆరోగ్యమునకును, భద్రతకును చేసిన దేనికిని పనివానినుండి రుసుము పుచ్చుకొనరాదని చెప్పుచున్నది. ప్రతి ఉద్యోగికిని నియామకపత్రము ఈయవలెననియు అదియే చెప్పుచున్నది. కావున బూట్లకని మొదటి నెల జీతములో సొమ్ము కోసినవారిని, ఏ సూత్రము ననుసరించి కోసితిరని అడుగుటకు మన పిల్లలకు అధికారము గలదు.

రెండవ విషయమున, అనగా బత్తెము విషయమున, ఒక మెలిక యున్నది. జీతమనగా నేమో చెప్పునపుడు చట్టములు మొదటినుండియు బత్తెమును వేఱుగానే యుంచినవి. 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టములోనే, ప్రయాణపు భత్యమును, ఉద్యోగ స్వభావముచేత కలిగెడి ప్రత్యేక ఖర్చులను తీర్చుటకు ఇచ్చెడి సొమ్మును జీతములో చేర్చరాదని నిర్వచించిరి. ఇప్పటి వేతన స్మృతిలోను అదే భావమున్నది. పెద్దలు జీతబత్తెములని విడదీసి పలికినదానిని శాసనమును ఒప్పుకొన్నది. అయితే కాంట్రాక్టరు జీతమీయనిచో అసలు యజమాని ఈయవలెనను రక్షణ, 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల చట్టములో ఉండి, క్రొత్త స్మృతిలోనికి వచ్చినది, జీతమునకు చెప్పినది. బత్తెము జీతము కాదు గనుక ఆ రక్షణ దానికి తనంతట తాను ప్రాకదు. ఉద్యోగికి అయిన ఖర్చులన్నియు తప్పక తిరిగి ఈయవలెనని ఒక్కమాటలో చెప్పు సూత్రము మన కార్మికచట్టములలో లేదు. కావుననే బత్తెమునకు కాగితము ప్రాణము. వ్రాతలో నున్నచో అది హక్కు. లేనిచో అది అధికారి దయ.

రాష్ట్రపు ఎల్లలు దాటి పోవువారు మఱియొక సంగతి తెలిసికొనదగును. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టములో, కాంట్రాక్టరు ద్వారా పరరాష్ట్రమునకు పోవువారికి స్థానచలన భత్యమును, రాకపోకల చార్జీయు ఈయవలెనని యుండెను. క్రొత్త స్మృతిలో స్థానచలన భత్యము లేదు. కాని పదిమంది అట్టి కార్మికులున్న సంస్థలు, ఏటికి స్వగ్రామమునకు వచ్చిపోవు చార్జీని ఈయవలెనను నియమము గలదు. ఎంతకాలము పనిచేసినవారికి, ఏ తరగతి చార్జీ యనునది ప్రభుత్వపు నిబంధనల ననుసరించి యుండును. జీతమునకు పరిమితి కూడ గలదు. హోసూరు మన రాష్ట్రములోనిదే గాని బెంగుళూరు పరరాష్ట్రము. అచ్చట తక్కువ జీతముల పనులకు పోయిన మనవారు ఈ సంగతిని విచారించుకొనుట మంచిది.

ఇక దీనికి తలక్రిందులైన మాయ యొకటి గలదు. బత్తెమును జీతములో కలిపివేయుట ఒక నష్టము. జీతమునే బత్తెమని వ్రాయుట మఱియొక నష్టము. నెలకు 20,000 రూపాయలిచ్చుచు, అందులో 8,000 మాత్రమే జీతమనియు, తక్కినది వాహన భత్యము, ఫోను ఖర్చు, ప్రత్యేక భత్యమనియు వ్రాసినచో చేతికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చినట్లు తోచును. కాని ప్రావిడెంటు ఫండు తగ్గిపోవును. పని విడుచునపుడు వచ్చెడి గ్రాట్యుయిటీయు తగ్గును. అందఱికిని ఒకే రీతిగా ఇచ్చెడి భత్యములు ఫండు లెక్కలో జీతములో చేరునని 2019 ఫిబ్రవరి 28న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. వేతన స్మృతియు, ఇట్టి మినహాయింపులన్నియు కలిసి మొత్తము ప్రతిఫలములో సగమునకు మించినచో మించినదానిని జీతముగానే ఎంచవలెనని శాసించినది. పైన చెప్పిన లెక్కలో మినహాయింపులు 12,000, సగము 10,000, కావున 2,000 రూపాయలు మరల జీతములో చేరును. ఈ లెక్క మన అంగడి పిల్లవాడు సైతము వేయగలడు. వేయవలెను.

పన్ను విషయము చెప్పకున్నచో ఈ మాట పూర్తికాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమునకు బదులుగా 2025 నాటి చట్టము 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి వచ్చినది. రెంటిలోను నీతి ఒక్కటే. పనిమీద ప్రయాణమునకును, అచ్చటి దినవెచ్చమునకును కంపెనీ ఇచ్చిన సొమ్ము నిజముగా ఖర్చైనంతవరకు ఆదాయము కాదు, మిగిలినది ఆదాయము. కాని కంపెనీ ఈయక, ఉద్యోగి తన జేబునుండి పెట్టిన ఖర్చును జీతములోనుండి తీసివేసి చూపుటకు వీలులేదు. వర్తకునకు లారీ బాడుగ, హమాలీ, అంగడి అద్దె లాభములోనుండి తగ్గును. జీతగానికి అట్టి సౌకర్యమునకు బదులుగా, ఖర్చుతో నిమిత్తము లేక ఒక స్థిరమైన తగ్గింపు మాత్రమే గలదు. 2018లో అది 40,000 రూపాయలుగా మరల ప్రవేశపెట్టబడి, 2019లో 50,000 అయి, 2024లో క్రొత్త పద్ధతి ననుసరించువారికి 75,000 అయినది. 2025-26నుండి క్రొత్త పద్ధతిలో 12 లక్షల ఆదాయమువరకు పన్ను పడని ఏర్పాటు వచ్చినందున మనవారిలో అనేకులకు పన్ను బెంగ తీరినది. అందుచేత వారికి ముఖ్యము పన్ను మినహాయింపు కాదు. పెట్టిన సొమ్ము కంపెనీనుండి తిరిగివచ్చుట.

కొందఱికి జీతమని కాక ఫీజు అను పేర, ముందుగా పన్ను పట్టుకొని సొమ్ము ఇచ్చుచున్నారు. అట్టివాడు ఆ సంస్థకు ఉద్యోగి కాడు. అతనికి ప్రావిడెంటు ఫండు లేదు, ఇ.ఎస్.ఐ. లేదు. వర్తకునివలెనే తన ఖర్చులను లెక్కలో చూపుకొనవచ్చును గాని చిట్టాయు, రసీదులును తానే యుంచుకొనవలెను. ఉద్యోగమని తలంచి చేరి, సంవత్సరాంతమున తాను ఉద్యోగిని కానని తెలిసికొన్నవారిని మేమెఱుగుదుము. నియామకపత్రములో ఆ ఒక్క మాటను ముందుగా చూచినచో చాలును.

గొడుగు కంపెనీ పుట్టిన ఇంగ్లండు అనుభవమును మనము పాఠముగా గైకొనవచ్చును. కంప్యూటరు పనులకు పోయి అచ్చట గొడుగు కంపెనీల ద్వారా పనిచేయు మన తెలుగువారును గలరు. అచ్చట ఒకప్పుడు, ప్రతి క్రొత్త పనిచోటును తాత్కాలికమని చూపి, ఇంటినుండి పోయివచ్చు చార్జీని, భోజనమును పన్ను లెక్కలో తగ్గించుకొనెడివారు. నిజముగా ఖర్చుపెట్టినవారితోపాటు, ఖర్చే లేక లెక్క వ్రాసినవారును బయలుదేరిరి. తుదకు 2016 ఏప్రిల్ 6వ తేదీనుండి ప్రభుత్వము, ఇతరుల పర్యవేక్షణకును, ఆదేశమునకును, అదుపునకును లోబడి పనిచేయువానికి ఆ సౌకర్యము లేదని తలుపు మూసివేసినది. నేడు అచ్చటి గొడుగు కంపెనీ, పనికి వచ్చిన మొత్తములోనుండి యజమాని చెల్లింపవలసిన 15 శాతము జాతీయ బీమాను, తన రుసుమును ముందు తీసికొని, మిగిలినదానినే జీతముగా లెక్కించును. ప్రకటనలో చూచిన రేటు వేఱు, చేతికి వచ్చు జీతము వేఱు. ఆ దేశమునకు పిల్లలను పంపువారు రేటును జీతమని భ్రమపడరాదు. ఆ కథలోని నీతి మనకును వర్తించును: దొంగబిల్లు పెట్టినవాడు తన పక్కవాని నిజమైన బిల్లునకు కూడ గొయ్యి త్రవ్వును.

"ఇవన్నియు అడిగినచో పనిలోనుండి తీసివేయుదురు" అని తల్లిదండ్రులు మాతో చెప్పుచున్నారు. ఆ భయము నిరాధారమని మేము చెప్పజాలము. కాంట్రాక్టు పనివానిని మరునాడు రావలదనుట సులభము. కాని అడుగుటకు ఒక సమయమున్నది. ఖర్చైన పిదప అడిగినచో తగవు. చేరునపుడు అడిగినచో బేరము. బేరమాడుట మన కులవృత్తి కాకున్నను మన ఊరి వృత్తి. మండీలో టమాట బుట్ట దించకముందే కమీషను, హమాలీ, బాడుగ ఎవరివో చెప్పుకొందుము. దించిన తరువాత చెప్పుకొన్నవాడు నష్టపోవును. ఉద్యోగమును అంతే.

కావున మా సలహా యిది. చేరుటకు ముందు నాలుగు ప్రశ్నలు మర్యాదగా అడిగి, జవాబును కాగితముమీదనో, ఈమెయిలులోనో పుచ్చుకొనవలెను. నేను ఎవరి ఉద్యోగిని? ఇతర స్థలమునకు పంపినచో ఖర్చు ఎవరు ఇత్తురు, రోజుకు ఎంతవరకు? ముందుగా బయానా ఇత్తురా? బిల్లులు ఏ తేదీలోగా, ఎవరికి పంపవలెను? పిదప, నోటిమాటమీద ప్రయాణము చేయరాదు. అధికారి నోట చెప్పినచో, "తమ ఆజ్ఞప్రకారము రేపు బయలుదేరుచున్నాను" అని ఆయనకే ఒక సందేశము పంపినచో అదియే సాక్ష్యము. ప్రతిదినము ఖర్చును చిన్న పుస్తకములో వ్రాసి, రసీదులను ఫోనులో ఫోటో తీసియుంచవలెను. బస్సు టిక్కెట్ల సిరా నెలలోనే మాసిపోవును. జి.ఎస్.టి. బిల్లు లేనిదే ఈయమని కొందఱు చెప్పుదురు. సంవత్సరమునకు 20 లక్షలలోపు రాబడిగల చిన్న బసలకు సాధారణముగా ఆ నమోదు అవసరము లేదు. అట్టిచోట పేరు, చిరునామా, తేదీ, సంతకము గల రసీదును అడిగి పుచ్చుకొనవలెను. బిల్లులను రెండు సంస్థలకును ఒకేసారి పంపవలెను. అపుడు ఒకరి పేరు మఱియొకరు చెప్పుటకు వీలుండదు.

ఈ కాగితములన్నియు ఇంగ్లీషులో నుండుట మనవంటి వారికి మఱియొక ఇబ్బంది. ఇంట మాట తెలుగు, వీధిలో తమిళము, పనిచోట కన్నడమో హిందీయో, సంతకము చేయు కాగితము ఇంగ్లీషు. చదువుకొన్న పిల్లవాడు సైతము తొందరలో చివరి పుటమీద సంతకము చేసి వచ్చుచున్నాడు. కావున నెలకొక ఆదివారము మన సంఘపు సభ్యులలో లెక్కలును, ఇంగ్లీషును ఎఱిగినవారు ఇద్దఱు ముగ్గురు కూర్చుండి, ఎవరు తెచ్చిన నియామకపత్రమునైనను చదివి తెలుగులో చెప్పు ఏర్పాటు చేయవలెనని మా కోరిక. దీనికి ధనము అక్కఱలేదు. రెండు గంటల కాలము, ఒక బల్ల చాలును. వర్తకులమైన మేము లెక్కల పని చేయుటకు సిద్ధముగా నున్నాము.

కడపట మనవారిలోనే ఉన్న మధ్యవర్తులకు ఒక మాట. హోసూరునకు మనుష్యులను పంపు వ్యాపారమున మన బంధువులును, స్నేహితులును గలరు. అది నీతిగల వ్యాపారమే. పనిలేనివానికి పని చూపుట పుణ్యమే. కాని కర్మాగారముతో ఒడంబడిక వ్రాయునది వారే. బత్తెమను ఒక్క పంక్తిని అందులో చేర్చుట వారి చేతిలోని పని. వారికి దానివలన నష్టము లేదు. ఆ సొమ్ము కర్మాగారమునుండియే వచ్చును. అడుగుటకు మొగమాటపడి ఆ పంక్తిని విడిచినచో, ఆ మొగమాటపు వెల మన వీధిలోని పిల్లవాడు చెల్లించును.

జీతము బత్తెము లేకయే మేకలను కాచెదనని తోడేలు అన్నదని మన సామెత. అట్లు అడుగక ఒప్పుకొనువాడు తోడేలే యగును, లేదా తన బలము తాను తెలియనివాడు. మన పిల్లలు తోడేళ్ళు కారు. చేసిన పనికి జీతమును, పెట్టిన ఖర్చునకు బత్తెమును, రెండు పద్దులుగా అడిగి పుచ్చుకొనుట వారికి నేర్పుదము. నియామకపత్రములు గలవారు రాబోవు ఆదివారమునకే వానిని వెంట తీసికొని రావలసినదిగా కోరుచున్నాము.